కాలనీ ఖాళీ జాగాలో ఉమ్మడి కూరల తోట: మొదలుపెట్టే పద్ధతి

విజయనగరంలో గానీ శ్రీకాకుళంలో గానీ ఏ కాలనీకి వెళ్ళినా పార్కు కోసమని వదిలిన జాగా ఒకటి ఉంటుంది. చాలాచోట్ల అందులో కనిపించేవి తుమ్మ పొదలూ, ఇళ్ళు కట్టగా మిగిలిన సిమెంటు పెచ్చులూ, పందులూ. ఆ జాగా పది సెంట్లుంటే చాలు, పదిహేను ఇరవై ఇళ్ళవాళ్ళు కలిసి ఆకుకూరలూ కాయగూరలూ పండించుకోవచ్చు. అయితే ఒక్క సంగతి మొదటే గట్టిగా చెప్పాలి. ఇలాంటి తోటలు జూన్‌లో సంబరంగా మొదలై మే నెలలో ఎండిపోతాయి. నీళ్ళకి ఏర్పాటు లేకపోవడం, పోసే వంతు ఎవరిదో తేలకపోవడం, ఈ రెండే కారణాలు. విత్తనాల పొట్లాలు కొనే ముందు ఆ రెండూ తేల్చుకోండి. మొదటి ఏడాది జాగా మొత్తం తవ్వకండి, సగం కూడా ఎక్కువే.

జాగా ఎవరిది, ఎవరిని అడగాలి

అనుమతి ఉన్న లేఅవుట్‌లో 10 శాతం స్థలాన్ని ఖాళీగా వదిలి, దాన్ని పంచాయతీకో మున్సిపాలిటీకో రాసివ్వాలని నియమం. అంటే ఆ జాగా లేఅవుట్ వేసినవారిదీ కాదు, పక్కింటివారిదీ కాదు. ముందు లేఅవుట్ ప్లాను నకలు సంపాదించండి. వార్డు సచివాలయంలో ప్లానింగ్ చూసే కార్యదర్శి దగ్గర ఆ జాగా హద్దులు సరిచూసుకోండి. పల్లెల్లో అయితే పంచాయతీ కార్యదర్శినీ, వీఆర్వోనూ అడగాలి. చెరువు గర్భం, గెడ్డ (వాగు) పోరంబోకు, రోడ్డు పక్క జాగా అని తేలితే అక్కడితో వదిలేసి ఇంకోటి వెతుక్కోండి. పచ్చగా ఉన్నా సరే, వాటి జోలికి వెళ్ళకూడదు.

పట్టణంలో కమిషనర్‌కి అర్జీ, పల్లెలో పంచాయతీ తీర్మానం. నోటిమాట మీద మొదలుపెట్టకండి. అధికారి బదిలీ అయితే మాట కూడా ఆయనతోనే పోతుంది. అర్జీలో మీరు అడిగేది వాడుకోవడానికి అనుమతి మాత్రమేనని స్పష్టంగా రాయండి. మూడేళ్ళ గడువు అడగండి. పక్కా కట్టడం ఏదీ కట్టబోమనీ, జాగా కావలసివస్తే ఖాళీ చేస్తామనీ, ఎవరు లోపలికి వచ్చినా అడ్డుకోబోమనీ రాసి, చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళ సంతకాలు జతచేయండి. ఈ చివరి మాట ముఖ్యం. అది అందరి జాగా. తాళం వేసి పదిమందే వాడుకుంటే నెల తిరక్కుండా ఫిర్యాదు వెళ్తుంది, వెళ్ళడం న్యాయం కూడా. గేటుకి గొళ్ళెం పెట్టండి, పశువులు రాకుండా. తాళం పనిముట్ల పెట్టెకి చాలు.

కాలనీ సంఘం ఇప్పటికే ఉంటే దాని పేరునే అడగవచ్చు. లేకపోతే 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఏడుగురు కలిస్తే సంఘం నమోదు చేసుకోవచ్చు. బ్యాంకు ఖాతా ఇద్దరి సంతకాలతో నడవాలి. మోటారుకి కరెంటు మీటరు కావాలంటే ఈపీడీసీఎల్ వాళ్ళు స్థలం కాగితం అడుగుతారు, అప్పుడు ఈ అనుమతి పత్రమే చూపించాలి. ఎవరో ఒకరి ఇంటి మీటరు నుంచి తీగ లాగడం వద్దు. మొదటి బిల్లు రాగానే గొడవ అక్కడే పుడుతుంది, పైగా తడి నేలమీద పడి ఉన్న తీగ ప్రాణం తీస్తుంది.

నీళ్ళ లెక్క

ఎండాకాలంలో కూరమడికి చదరపు మీటరుకి రోజుకి 5 లీటర్లు పడతాయి, చలికాలంలో 3. నాలుగు అడుగుల వెడల్పు, ఇరవై అడుగుల పొడవు ఉన్న మడి ఏడున్నర చదరపు మీటర్లు ఉంటుంది. అలాంటివి ఎనిమిది మడులైతే మే నెలలో రోజుకి 300 లీటర్లు. పది సెంట్లలో పట్టే ఇరవై మడులూ వేస్తే 750. పది లీటర్ల జల్లు డబ్బాతో మోస్తే 75 డబ్బాలు. ఏ ఇద్దరూ రోజూ అంత మోయలేరు. అందుకే మొదటి ఏడాది ఎనిమిది మడులకి మించవద్దు.

బోరు ఉంటే అదెంత పోస్తుందో కొలవండి. ఇరవై లీటర్ల బకెట్టు 40 సెకన్లలో నిండితే నిమిషానికి 30 లీటర్లు, వెయ్యి లీటర్ల ట్యాంకు నిండడానికి అరగంట పైచిలుకు. ఈ కొలత ఏప్రిల్, మే నెలల్లో తీసుకోవాలి. ఆగస్టులో ప్రతి బోరూ బాగానే పోస్తుంది. కొత్త బోరు వేయాలంటే నీరు, భూమి, చెట్ల రక్షణకి ఉన్న వాల్టా చట్టం కింద అనుమతి ఉండాలి. తాగునీటి కొళాయిని తోటకి వాడకండి. ఎండాకాలంలో వీధికి నీళ్ళు అందకపోతే మొదటి నింద తోట మీద పడుతుంది.

సముద్రానికి దగ్గర ఊళ్ళలో ఉప్పు సంగతి కూడా చూడాలి. స్టీలు పళ్ళెంలో గ్లాసెడు నీళ్ళు పోసి ఎండలో ఆరనివ్వండి. అడుగున తెల్లటి పెచ్చు మందంగా కడితే ఆ నీళ్ళు పరీక్షకి పంపకుండా వాడకూడదు. చిక్కుడు జాతులు ఉప్పుకి అన్నిటికన్నా ముందు లొంగిపోతాయి. బచ్చలి కొంత తట్టుకుంటుంది.

ట్యాంకు ఎత్తులో ఉంటేనే పైపులో నీళ్ళు తోసుకు వస్తాయి, నాలుగడుగుల దిమ్మె చాలు. అయితే వెయ్యి లీటర్లంటే టన్ను బరువు. సరుగుడు కర్రల మంచె మీద పెడితే ఒక వానాకాలం నిలుస్తుంది, రెండో ఏడు కర్ర మొదలు పుచ్చి ఒరిగిపోతుంది. సున్నం, సిమెంటు లేకుండా పేర్చిన సిమెంటు ఇటుకల దిమ్మె అయితే పక్కా కట్టడం కిందకి రాదు, అవసరమైతే విప్పుకోవచ్చు. పేర్చే ముందు అడుగు మట్టిని దిమ్మిసతో గట్టిపరచండి, వరస వరసకీ ఇటుకల అతుకులు ఒకదానిమీద ఒకటి రాకుండా మార్చండి. ముప్పావు అంగుళం పైపు వంద అడుగులు కొంటే తోటంతా అందుతుంది.

పది సెంట్ల కొలత

పది సెంట్లంటే 4,356 చదరపు అడుగులు, నలుచదరంగా ఉంటే 66 అడుగులకి 66. మీ జాగా ఇలాగే ఉండాలని లేదు, లెక్క పట్టుకోవడానికి ఇది వీలు. దక్షిణం వైపు కంచె పక్కన మూడడుగులు వదిలి, 20 అడుగుల మడి, నాలుగు అడుగుల నడిమి దారి, మళ్ళీ 20 అడుగుల మడి. ఒక్కో మడి వెడల్పు నాలుగు అడుగులు, మడికీ మడికీ మధ్య రెండడుగుల దారి. ఇలా వరసకి పది చొప్పున రెండు వరసల్లో ఇరవై మడులు కుదురుతాయి. నాలుగు అడుగుల కన్నా వెడల్పు పెంచితే నడిమి మొక్కకి చెయ్యి అందదు, మడిలో కాలు పెట్టాల్సివస్తుంది, తొక్కిన చోట మట్టి గిడసబారిపోతుంది. నడిమి దారి నాలుగు అడుగులు ఎందుకంటే గెత్తం (పశువుల ఎరువు) తట్టతో ఇద్దరు ఎదురుపడితే తప్పుకోవాలి, చక్రాల బండి తిరగాలి.

ఉత్తరం వైపు 19 అడుగుల పట్టీ మిగులుతుంది. పందిరి, ట్యాంకు, ఎరువు తొట్లు, పనిముట్ల పెట్టె అన్నీ అక్కడే. పందిరిని దక్షిణం వైపు వేస్తే దాని నీడ చలికాలమంతా మడుల మీదే పడి వంగ, టమాటా కాపు తగ్గిపోతుంది. జాగా పైనుంచి 11 కేవీ లైను పోతుంటే దాని కింద పందిరి వేయనే వద్దు.

కంచె 264 అడుగులు వస్తుంది. ఎనిమిది అడుగులకి ఒక స్తంభం చొప్పున 33 స్తంభాలు. వల ఎత్తు అయిదు అడుగులు, అందులో అర అడుగు భూమిలోకి దిగాలి. పంది తలతో ఎత్తేది అడుగునుంచే. డబ్బు చాలకపోతే వలకి బదులు సరుగుడు గుంజలు పాతి ముళ్ళకంప కట్టి, ఆరుద్ర కార్తెలో (జూన్ చివర) వాన పడుతున్నప్పుడు లోపలి వైపు అడుగుకొకటి గిరిపుష్పం కొమ్మలు నాటండి. రెండేళ్ళకి అదే కంచె అవుతుంది, దాని ఆకు పచ్చిరొట్టగా మడులకే పనికొస్తుంది. గేటు అయిదు అడుగులు పెట్టినా, దాని పక్కన విప్పుకునే వల ముక్క ఇంకో అయిదు అడుగులు ఉంచండి. ఇది మరిచిపోయి, ట్రాక్టరు గెత్తాన్ని రోడ్డు మీద పోసి వెళ్ళిపోతే రెండు టన్నులు తట్టలతో మోసుకోవాల్సివస్తుంది.

మట్టి పని

విజయనగరం చుట్టూ ఎక్కువగా ఎర్ర నేల. నాగావళి ఒడ్డున ఒండ్రు. సోంపేట, కవిటి వైపు ఉద్దానంలో ఇసుక. కానీ కాలనీ జాగాలో పైన ఉండేది ఆ ఊరి మట్టి కాకపోవచ్చు, ఎక్కడినుంచో తెచ్చి పోసిన గ్రావెల్ కావచ్చు. నాలుగు మూలలా, నడుమా అడుగున్నర లోతు గోతులు తవ్వి చూడండి. పెచ్చులు, గాజు, ప్లాస్టిక్ ఎంత లోతువరకూ ఉన్నాయో అక్కడివరకూ ఏరాలి. సిమెంటు పెచ్చులు మట్టిలో ఉంటే సున్నం పెరిగి లేత ఆకులు పసుపెక్కుతాయి. యూరియా చల్లినా ఆ పసుపు పోదు.

అదే గోతుల్లో నీళ్ళు నింపండి. మొదటిసారి ఇంకనిచ్చి మళ్ళీ నింపి గడియారం చూడండి. గోతి అంచు మీద పుల్ల గుచ్చి గంట గంటకీ మట్టం ఎంత దిగిందో గుర్తు పెట్టండి. అరగంటలో మాయమైతే ఇసుక నేల, నీళ్ళు నిలవవు, గెత్తం ఎక్కువ పడుతుంది. నాలుగైదు గంటలైనా సగం గొయ్యి నిండుగానే ఉంటే అడుగున గట్టి పొర ఉంది. అక్కడ వానాకాలంలో వేరు కుళ్ళుతుంది, మడిని ముప్పావు అడుగు ఎత్తు లేపాల్సిందే.

పరీక్షకి మట్టి తీసేటప్పుడు పైచెత్త గీకి, ఆరంగుళాల లోతు వరకు పారతో పలకలా కోసి, ఎనిమిది పది చోట్లనుంచి తెచ్చి కలిపి, నీడలో ఆరబెట్టి అరకిలో పంపండి. వ్యవసాయశాఖ భూసార పరీక్షా కేంద్రంలో ఇవ్వవచ్చు. శ్రీకాకుళం వైపు వాళ్ళు ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రంలోనూ అడగవచ్చు.

మొదటి ఏడాది చదరపు మీటరుకి అయిదు కిలోల చివికిన గెత్తం వేయాలి. మడికి దాదాపు నలభై కిలోలు, అంటే నిండు తట్టలు మూడో నాలుగో. దానికి అరకిలో వేపపిండి కలపండి. గెత్తం చివికిందా లేదా అన్నది చేత్తో పట్టుకుంటే తెలుస్తుంది. బాగా మాగినది నల్లగా పొడిపొడిగా ఉంటుంది, వాన పడ్డ మట్టి వాసన వేస్తుంది, గడ్డి పోచ ఆనవాలు దొరకదు. కుప్పలో చెయ్యి పెడితే వెచ్చగా తగిలినా, తెల్లగా లావుగా మెలికలు తిరిగిన వేరుపురుగులు కనిపించినా ఇంకో రెండు నెలలు ఆగాలి. పచ్చి గెత్తం వేస్తే చెదలు, వేరుపురుగు మడిలోకి మీరే తెచ్చుకున్నట్టు.

ఉద్దానంలో కొబ్బరి పొట్టు చవక, ఇసుక నేలకి అది మేలు చేస్తుంది. కానీ మిల్లునుంచి తెచ్చింది తెచ్చినట్టు వేయకూడదు. దానిలో వగరూ ఉప్పూ ఉంటాయి. రెండు మూడుసార్లు నానబెట్టి ఎర్రనీళ్ళు పారబోసి, ఎరువు తొట్టిలో కుళ్ళిన తర్వాతే మడికి.

ఎరువు తొట్లు రెండు కావాలి, ఒకటి నిండేలోపు ఇంకోటి మాగుతుంది. ఒక్కోటి మూడడుగుల నలుచదరం, మూడడుగుల ఎత్తు, గాలి ఆడేలా ఇటుకల మధ్య సందులు. ఇంటి తడి చెత్త ఒక బుట్ట పడితే ఎండుటాకులు రెండు బుట్టలు పడాలి. పిడికిట పట్టి పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి. ధారగా కారితే తేమ ఎక్కువ, కంపు కొడుతుంది, ఎండుటాకు కలిపి తిరగేయండి. చేపల కడుగు, మాంసం ముక్కలు వేస్తే కుక్కలు తొట్టినే కూల్చేస్తాయి. పదిహేను రోజులకోసారి తిరగేస్తే మూడు నెలల్లో అందుతుంది.

కార్తెల ప్రకారం

రోహిణిలో (మే చివర) మడులు సిద్ధం చేసి, మృగశిర (జూన్ రెండో వారం) రాగానే బెండ, గోంగూర వేయండి, వంగ, మిరప నారు పోయండి. నాలుగు అడుగుల మడిలో బెండ రెండు వరసలు, అడుగుకొక మొక్క, మడికి 40 మొక్కలు. కుదురుకి రెండు గింజలు వేసి బలమైనది ఉంచండి. వంగ రెండడుగుల ఎడం, మడికి 20 మొక్కలు. తోటకూర విత్తనం ఆవగింజ కన్నా సన్నం. మడికి పది గ్రాములు తీసుకుని, దానికి పదింతలు పొడి ఇసుక కలిపి, సగం నిలువునా సగం అడ్డంగా చల్లితే ఒకేచోట గుప్పగా మొలవదు. పైన వేలెడు మందం మట్టి కప్పితే అసలు మొలవదు, పలచగా గెత్తం పొడి జల్లి అరచేత్తో అద్దండి. చీమలు గింజలు మోసుకుపోకుండా మడి చుట్టూ బూడిద గీత గీయండి.

పాదులు కూడా మృగశిరలోనే. ఆనప (సొర), బీర, పొట్ల, కాకర ఒక్కోదానికి అడుగున్నర గొయ్యి, పది కిలోల గెత్తం, పావుకిలో వేపపిండి, నాలుగు గింజలు. మొలిచాక రెండు ఉంచండి. పాదు చిక్కుడు జూలై, ఆగస్టుల్లో పెట్టాలి. పగలు పొట్టి అయితేనే అది పూస్తుంది. ముందు పెడితే తీగ మాత్రం పందిరంతా అల్లుకుంటుంది, కాయ మాత్రం సంక్రాంతి దగ్గరపడే దాకా అంతే.

పందిరి 16 అడుగులకి 32. ఎనిమిది అడుగులకొక గుంజ, మొత్తం 15. గుంజ ఎనిమిది అడుగులది తీసుకుని రెండడుగులు పాతండి, ఆరడుగుల ఎత్తు మిగులుతుంది. పాతే భాగాన్ని మంటమీద నల్లబడేదాకా కాల్చి తారు పూస్తే సరుగుడు ఇంకొన్నాళ్ళు నిలుస్తుంది. అంచులకి 12 గేజి జీఐ (జింకు పూత) తీగ, లోపల రెండడుగుల గళ్ళుగా 16 గేజి. తీగని గుంజకి కట్టడానికి, మొక్కకి ఊతం ఇవ్వడానికి గోగునార పురి వాడండి. ప్లాస్టిక్ తాడు ఎండకి పెళుసై తుంపులు తుంపులుగా మట్టిలో కలుస్తుంది.

ఈ ప్రాంతంలో తుఫాను లెక్క వేసుకోకుండా పందిరి కట్టకూడదు. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న తీరం దాటాయి. రెండూ చిత్త కార్తె మొదట్లోనే. పందిరి నాలుగు మూలలకీ బయటికి ఏటవాలుగా లాగి కట్టిన తీగలు ఉండాలి, వాటి మేకులు రెండడుగులు భూమిలోకి దిగాలి. తుఫాను కబురు రాగానే పందిరి మీద నీడ వల కట్టి ఉంటే మొదట అది విప్పేయండి; అది తెరచాపలా గాలిని పట్టుకుని గుంజల్ని కూడా పెకలిస్తుంది. ముదిరిన కాయలన్నీ కోసి బరువు తగ్గించండి. మడుల మధ్య దారులు మురుగు కాలువ వైపు వాలుగా ఉన్నాయో లేదో చూసి అడ్డుపడ్డ చెత్త తీయండి. వాన వెలిసిన రోజే మడిలో దిగకండి. రెండు రోజులు ఆగి, ఒరిగిన వంగని లేపి మొదలుకి మట్టి ఎగదోయండి.

స్వాతి దాటాక (నవంబరు మొదట్లో) టమాటా నారు నాటుకోవచ్చు. పాలకూర, ముల్లంగి, కొత్తిమీర చలికాలంలోనే రుచి. జనవరి చివర దోస, ఆనప, మళ్ళీ బెండ. మొదటి ఏడాది తవ్వని పన్నెండు మడుల జాగాలో తొలకరికి జీలుగో జనుమో చల్లి, పూత దశలో 40, 45 రోజులకి మట్టిలో కలిపేయండి. రెండో ఏటికి ఆ నేల మీరు ఖర్చుపెట్టకుండానే తయారవుతుంది.

పురుగు

తోటలో పురుగుమందు గానీ కలుపుమందు గానీ కొట్టకూడదన్న నియమం మొదటే రాసుకోండి. పక్క మడి గోంగూరని ఒక తల్లి ఆ సాయంత్రమే కోసుకెళ్ళి పిల్లలకి వండుతుంది. ఇక్కడ సర్దుబాటు లేదు.

వంగలో లేత కొమ్మ పొద్దున్నే వాలి కనిపిస్తే నీళ్ళ కొరత అనుకుని వదిలేస్తారు. వాలిన చోటుకి అంగుళం కింద చూడండి, సన్నని బెజ్జం, దాని నోట్లో రవ్వంత పిప్పి. కొమ్మ తొలిచే పురుగు లోపలే ఉంది. ఆ కొమ్మని రెండంగుళాలు కిందికి తుంచి, సబ్బునీళ్ళ డబ్బాలో ముంచండి. ఎరువు తొట్టిలో వేయకండి. వారానికోసారి ఇలా తుంచితే కాయల్లో పుచ్చు బాగా తగ్గుతుంది. బెండ ఆకు ఈనెలు పసుపెక్కితే అది తెల్లదోమ తెచ్చిన తెగులు, మందు లేదు, మొక్కని పీకేయాలి. బీర, కాకర పిందెలు వంకర తిరిగి రాలితే పండు ఈగ. రాలినవి రోజూ ఏరి అడుగున్నర లోతున పాతండి. దోమ, పేనుకి లీటరు నీళ్ళకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కలవడానికి కొద్దిగా సబ్బు, సాయంత్రం పూట ఆకు అడుగున తగిలేలా.

వంతులు, పంపకం

మొదటి ఏడాది మడులు ఇంటింటికీ పంచకండి. ఎనిమిదీ ఉమ్మడిగానే చేయండి. ఎవరు వస్తారో, ఎవరు రారో ఒక ఎండాకాలం గడిస్తేనే తెలుస్తుంది. పదహారు ఇళ్ళుంటే రోజుకి రెండిళ్ళ వంతు, ఎనిమిది రోజులకోసారి తిరిగి వస్తుంది. ఇద్దరినీ ఒకే వీధినుంచి జతచేయండి, ఒకరు ఊరెళితే ఇంకొకరికి చెప్పి వెళ్తారు. ట్యాంకు పక్కన పలక కట్టి, వంతు చేసినవాళ్ళు తేదీ, మోటారు మీటరు అంకె రాయాలి. కరెంటు బిల్లు తగాదాలు ఆ అంకెలతోనే తీరతాయి. మూడు వంతులు వరసగా తప్పిన ఇంటి వాటా తర్వాతి ఇంటికి వెళ్ళాలి. ఇది రాసి చదివి వినిపించాకే మొదటి మడి తవ్వండి, తర్వాత పెట్టిన నియమం ఒక మనిషి కోసం పెట్టినట్టు కనిపిస్తుంది.

కోత బుధవారం, ఆదివారం ఉదయం ఏడింటికి అని పెట్టుకోండి. తక్కెడ అక్కడే ఉండాలి. కోసినదంతా ఒకచోట పోసి వాటాలు వేసి, ఒక వాటా అంగన్‌వాడీకి తీయండి. డ్వాక్రా సంఘంలో ఉన్న ఆడవాళ్ళకి లెక్క పుస్తకం రాయడం అలవాటే. కోశాధికారి పని వాళ్ళకి అప్పగిస్తే సాఫీగా నడుస్తుంది.

విత్తనానికి ఒక్కో రకంలో మంచి మొక్క మీద ఒక కాయ వదిలి, ఎర్ర గుడ్డ కట్టండి, తెలియనివాళ్ళు కోయకుండా. ఆనపకాయ తీగ మీదే ఎండి, ఊపితే గింజలు గలగలమనాలి. గింజల్ని నీడలో వారం ఆరబెట్టి, బూడిద కలిపి సీసాలో పోసి, రకం పేరూ నెలా రాసిన చీటీ సీసా లోపలే వేయండి. మూత మీద రాస్తే మూతలు మారిపోతాయి.